అయస్కాంతం సాక్ష్యం

తర్లగూడ సంతలో రాఘవులు వెండి అంటేనే వెండి. ఆయన కాదన్నాడంటే ఎంత తెల్లగా తళతళలాడినా అది వెండి కాదు, అమ్మేవాడు మూట కట్టుకుని పోవలసిందే.

అలాగని ఆయన కంసాలి కాదు. రిపేరు మనిషి. రేడియోలు పోయాక టేప్ రికార్డర్లు, అవీ పోయాక టీవీలు, ఇప్పుడు సోలార్ లైట్లు, పొలంలో మందు కొట్టే బ్యాటరీ పంపులు, ఫోను చార్జర్లు. కాలం దేన్ని చెడగొడితే దాన్ని బాగుచేస్తూ ముప్పై ఏళ్లుగా అదే రేకుల షెడ్డు కింద, అదే చెక్క పెట్టె ముందు, గోనెపట్టా మీద కూర్చుంటున్నాడు. కొత్తలో ఒక పాత స్పీకరు విప్పుతుంటే దాని వెనకున్న అయస్కాంతం పగిలింది. ఒక ముక్కకు దారం కట్టి గుంజకున్న మేకుకు తగిలించుకున్నాడు. కింద పడిన చిన్న చిన్న స్క్రూలు ఏరుకోవడానికి పనికొస్తుందని.

ఆ రోజుల్లోనే ఎక్కడివాడో ఒకడు వచ్చి ఇనుము మీద తెల్లపూత పూసిన కడియాలను వెండివని చెప్పి సగం సంతకు అంటగట్టి పోయాడు. మంగి అనే దోర్లా తెగ ఆమె, అప్పుడు పడుచుదే, తన కడియం తెచ్చి ఈయన ముందు పెట్టింది. "తమ్ముడూ, వెండికి తుప్పు పడతదా?" అని అడిగింది. రాఘవులు దారం పట్టుకుని అయస్కాంతాన్ని దాని మీదికి దించాడు. టక్కున అతుక్కుంది. తర్వాత మంగి అసలైన కడియాలు కొన్నప్పుడు ఆయన చేతనే చూపించుకుని కొంది. అప్పటి నుంచి అదొక ఆచారమైపోయింది. కొనేముందు ఒకసారి, కాలికి వేసుకునేముందు ఇంకొకసారి. ఈలోగా అమ్మేవాడు సరుకు మార్చేస్తాడేమోనని ఆ రెండోసారి నియమం పెట్టింది రాఘవులే. ఆ పనికి ఆయన ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడు. పుచ్చుకోకపోవడంలోనే ఉంది ఆయన గొప్పంతా.

"రాఘవులు చూసిండా?"

"చూసిండు."

అంతే. తెలుగువాళ్లయినా, దోర్లావాళ్లయినా, హిందీలో బేరమాడేవాళ్లయినా ఆ మాటతో బేరం తెగేది. సర్పంచి మాటకు ఎదురు చెప్పేవాళ్లున్నారు గాని, ఆ దారం చివర వేలాడే నల్లముక్కకు ఎదురు చెప్పినవాళ్లు లేరు.

అలాంటి మనిషి కళ్లెదుట, సరిగ్గా పదడుగుల దూరంలో, శివరాత్రి వెళ్లాక వినీత వచ్చి బల్ల వేసింది.

ఏటూరునాగారం పిల్ల. భోపాలపట్నానికి జీపు తోలే దుర్గేశ్‌ను చేసుకుని ఈ ఊరి కోడలైంది. ఐటీఐ చదివిందట. బల్ల, కుర్చీ, బల్లకు బిగించిన భూతద్దం, దాని చుట్టూ లైటు, వేడి ఎంతుందో అంకెల్లో చూపించే సోల్డరింగ్ ఐరన్. రాఘవులు ఐరన్‌కు అంకెలు లేవు. వేడెక్కిందో లేదో దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చెబుతాడు.

మొదటి వారం జనం ఆ భూతద్దం చూడ్డానికి పోయారు. రాఘవులు నవ్వుకున్నాడు. రెండోవారం పాడైన చార్జర్లు పట్టుకుని పోయారు. నవ్వు తగ్గింది. మూడోవారం నుంచి ఆయన పని మానేసి ఆ బల్ల ముందు నిలబడేవాళ్ల తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అది ఒకరకం రోగం. ఎవడైనా అటు తిరిగితే ఇక్కడ ఈయన మెడ కూడా అటే తిరుగుతుంది. పైగా ఆ పిల్ల పొద్దున్నే బల్ల తుడుచుకుంటూ "మామా, మంచిగున్నరా?" అని పలకరిస్తుంది. పొగరుగా ఉంటే తిట్టుకోవచ్చు. మర్యాదగా ఉండేవాళ్లను తిట్టుకోవడమే కష్టం.

ఇదంతా ఒక ఎత్తు, ఇంట్లోది ఒక ఎత్తు.

ఇప్పపువ్వు రాలే కాలం. తెల్లారకముందే లేచి అడవికి పోవాలంటే ఆయన భార్య సారలమ్మకు టార్చి కావాలి. అది చెడిపోయి మూడు వారాలైంది. రోజూ "రేపు చూస్త" అంటున్నాడు రాఘవులు. నాలుగో వారం, రాఘవులు మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చిన వేళ, సారలమ్మ సంత నుంచి వచ్చి గుమ్మంలోనే టార్చి వెలిగించి చూపించింది. పట్టపగలు కూడా గోడ మీద గుండ్రంగా వెలుతురు పడింది.

"ఎవలు చేసిన్రు?"

"వినీత. నేను నిలవడంగనే చేసిచ్చింది."

ఊరంతా ఏమైనా పోనీ, రిపేరు మనిషి పెళ్లాం టార్చి పట్టుకుని ఇంకొక రిపేరు మనిషి దగ్గరికి పోవడం! సంతలో ఎంతమంది చూసి ఉంటారు! "పొరుగింటి పుల్లకూర రుచిలే మీకు" అన్నాడు పళ్లు కొరుకుతూ.

"పొరుగింటిదైనా వండి పెట్టింది. మనింట్ల మూడు వారాల సంది పొయ్యే అంటుకోకపాయె" అంది సారలమ్మ. అని, కొంగు ముడి విప్పి కాగితంలో చుట్టిన వేలెడు కడ్డీ ఒకటి ఆయన ముందు పెట్టింది. "ఇగో, ఇది నీకియ్యమన్నది."

"ఏందిది?"

"లెడ్డు. నువ్వు తీగ పండ్ల నడుమ పెట్టుకొని పని చేస్తవంట గద. చూసినకాడల్లా ఆ పిల్లకు పానం కొట్టుకుంటదంట. నీ తీగల అరవై పాళ్లు తగరం, నలభై పాళ్లు సీసమంట. సీసం కడుపులకు పోతే బొక్కలల్ల చేరి కూసుంటదంట, ఊకె బయటికి రాదంట. దీంట్ల సీసమే లేదంట. నూటికి తొంభైతొమ్మిది పాళ్లు తగరమే, మిగిలిన దాంట్ల రాగి. తీగ కూడ ఉన్నది, కావాల్నంటే పంపుతనన్నది."

రాఘవులు అతుకులు వేసే ఆ లెడ్డు తీగను పళ్ల మధ్య పట్టుకునే పని చేస్తాడు. ఒక చేతిలో ఐరన్, ఇంకో చేతిలో బోర్డు, మూడో చెయ్యి దేవుడివ్వలేదు గనక నోరు. ముప్పై ఏళ్లుగా ఆ తియ్యటి చప్పటి రుచి నాలుకకు అలవాటైపోయింది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల తన నోట్లో ఏముందో తనకు చెప్పి పంపడమా? అదీ పెళ్లాం చేత? చేసిన మేలు కూడా కొన్నిసార్లు చెంపదెబ్బలాగే తగులుతుంది.

సారలమ్మ నీళ్లకు పోయాక ఆయన ఆ కడ్డీని చేతిలోకి తీసుకున్నాడు.

రాఘవులు తండ్రి ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవాడు. గోదావరి ఇవతలా అవతలా ఊరూరా తిరిగి గిన్నెల లోపల తగరం పూసేవాడు. తగరం కొనేటప్పుడు ఆయన తూకం చూసేవాడు కాదు, రంగు చూసేవాడు కాదు. కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా వంచేవాడు. అసలైన తగరం వంగేటప్పుడు సన్నగా కిర్రుమంటుంది. "ఏడ్చిందిరా, ఇది మంచిది" అనేవాడు. సీసం బాగా కలిస్తే తగరం నోరు మూతపడుతుంది. ఎంత వంచినా పలకదు.

రాఘవులు తలుపు వంక ఒకసారి చూసి, కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని వంచాడు.

ఏడ్చింది. సన్నగా, స్పష్టంగా, చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని విన్నట్టే ఏడ్చింది. తన తీగ ముప్పై ఏళ్లలో ఒక్కనాడూ పలికింది లేదు.

ఆ పిల్ల సరుకు మంచిదని ఆయనకు ఆ క్షణాన తెలిసిపోయింది. తెలియకపోతే బాగుండేది. తెలియనివాడి అసూయ కొంత నయం, ఎదుటివాడు మోసగాడేమోనన్న ఆశైనా ఉంటుంది. రాఘవులు ఆ కడ్డీని పెట్టె అడుగున, చచ్చిపోయిన రేడియో పార్టుల కింద తోసి మూత వేశాడు.

మరుసటి సంతకు మంగి వచ్చింది. ఇప్పుడామె ముసలిది. చేతిలో సోలార్ లైటు ఉంది. నేరుగా రాఘవులు వైపు నడిచి వస్తుంటే ఆయన గోనెపట్టా దులిపి సర్దుకున్నాడు. మంగి మాత్రం ఇంకెక్కడికీ పోదు. ఈ సంతలో తన మాటకు మొదటి సాక్షి ఆమె.

"చూడు తమ్ముడూ, ఆ పిల్ల ఎంత మంచిగ చేసిందో! నిన్నటిదంక గుడ్డిదే, ఇప్పుడు కండ్లు తెరిచింది" అని లైటు ఆయన చేతిలో పెట్టింది.

గొప్పలు చెప్పుకోవడానికి వచ్చింది, అంతే. తమ్ముడు సంతోషిస్తాడనుకుంది.

రాఘవులు కళ్లు మండాయి. లైటు మూత విప్పి లోపలి బోర్డు చూశాడు. అతుకులు శుభ్రంగా, ఒక్కటీ పొర్లకుండా, చిన్నగా ఉన్నాయి. కాకపోతే సీసం లేని లెడ్డు ఆరాక కొంచెం బూడిద రంగుకు తిరుగుతుంది. సీసం కలిసినదానికున్న మెరుపు రాదు.

"ఇదేందక్కా, గిట్ల మాసిపోయి ఉన్నది?" అన్నాడు పక్కవాళ్లకు వినపడేటట్టు.

"ఏమో! నీది మెరుస్తది గద" అంది మంగి అమాయకంగా.

అప్పటికే ఆయన చెయ్యి మేకు మీదికి పోయింది. ఆ అయస్కాంతానికి ఎప్పుడూ సన్నటి గడ్డం ఉంటుంది. బోర్డులో బిగించిన చిన్న బల్బులకు కాళ్లుంటాయి, అతికించాక మిగిలిన కాలు కత్తిరించేస్తారు. ఆ కత్తిరించిన ముక్కలన్నీ ఎగిరి వచ్చి అయస్కాంతానికి పట్టుకుని వేలాడుతుంటాయి. ఎందుకంటే ఆ కాళ్లు పైకి తెల్లగా కనిపించినా లోపల ఇనుము. వెండి చూసే ముందు రాఘవులు ఆ గడ్డాన్ని బొటనవేలితో తుడిచేస్తాడు. ఇప్పుడూ తుడిచాడు. ఆ ముక్కలు ఒళ్లో రాలుతుంటే వాటి వంక చూడకుండా, దారం రెండు వేళ్లతో పట్టుకుని, అయస్కాంతాన్ని వినీత చేసిన అతుకు మీదికి దించాడు.

టక్.

మంగి మొహం వాడిపోయింది. ఆమెకు ఇంకేమీ చెప్పనక్కర్లేదు. మంగికే కాదు, ఆ సంతలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. తెల్లగా ఉన్నది చుంబక్‌కు, అంటే అయస్కాంతానికి, అతుక్కుంటే అది నక్లీ, దొంగ సరుకు. ఇన్నేళ్లుగా పిల్లల చేత కూడా బట్టీ పట్టించిన పాఠం అది. కూరగాయల దగ్గరున్నవాళ్లు, ఎండుచేపల దగ్గరున్నవాళ్లు లేచి వచ్చారు. "నక్లీ అట" అని తెలుగులో, దోర్లీలో, హిందీలో మాట షెడ్డు ఆ చివరి దాకా పోయింది.

వినీత కుర్చీలోంచి లేచి పరుగెత్తుకొచ్చింది. "మామా, అతుక్కున్నది లెడ్డు కాదు, కింద కాలుంటది గద..."

"చుంబక్ అబద్ధం ఆడతదా పిల్లా?" అన్నాడు రాఘవులు.

చుంబక్ అబద్ధం ఆడలేదు, నిజమే. ఆడింది దారం పట్టుకున్నవాడు. వినీత ఆయన మొహంలోకి చూసింది, ఒళ్లో రాలిన ఇనుప కాళ్లను చూసింది. వెళ్లి కుర్చీలో కూర్చుంది.

ఆ తర్వాత రెండు సంతలు రాఘవులుకు పండగే. జనం వినీత దగ్గర చేయించుకున్నవన్నీ పట్టుకొచ్చి "ఆ నక్లీది తీసి అస్లీది పెట్టు" అనడం, ఈయన శుభ్రమైన అతుకుల్ని కరిగించి పీకి తన మెరిసే లెడ్డు పెట్టడం. ఎదురుగా ఆ బల్ల ఖాళీ. అయినా ఆ పిల్ల మానకుండా వస్తుంది, బల్ల తుడుచుకుంటుంది, "మామా, మంచిగున్నరా?" అంటుంది. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం ఆయనకు తిన్నది అరిగేది కాదు. సారలమ్మ ఈ సంగతి గురించి ఇంట్లో మంచీ అనలేదు, చెడ్డా అనలేదు. టార్చిని మాత్రం "నాది తియ్యకు" అని మంచం కింద దాచుకుంది.

మూడో సంతకు మంగి తన లైటు తెచ్చింది. "నాదే మిగిలింది తమ్ముడూ. మంచిగనే వెలుగుతున్నది గాని, నక్లీదని తెలిసినంక పానం ఒప్పుతలేదు."

రాఘవులు హుషారుగా తీగను పళ్ల మధ్య బిగించాడు. ఎదుటి బల్లకు బాగా కనపడాలని మొహం అటే తిప్పి మరీ బిగించాడు. పాత లెడ్డు పీకేశాడు. కొత్తది పెట్టాడు. అద్దంలా మెరిసింది. మూత వేయబోతుంటే మంగి చెయ్యి అడ్డం పెట్టింది.

"చుంబక్ పెట్టు."

"ఎందుకక్కా? పెట్టింది నేనే గద!"

"నువ్వే చెప్తివి గద, కొనేముందొకసారి, ఏసుకునేముందొకసారి."

ఆయన పెట్టిన నియమమే. చుట్టూ నలుగురున్నారు. రాఘవులు నెమ్మదిగా దారం తీశాడు. అయస్కాంతాన్ని బోర్డు చివర, రాగితీగ అతికించిన చోట దించాడు. అది కదలకుండా వేలాడింది. "చూసినవా!" అన్నాడు, తీగను పళ్ల మధ్యనుంచి తియ్యకుండానే.

"ఆడ కాదు" అంది మంగి. "ఆ పిల్లదానికి పెట్టినకాడ పెట్టు."

పెట్టక తప్పింది కాదు.

టక్.

మంగి ఆయన వంక, లైటు వంక మార్చి మార్చి చూసింది. "నీది కూడ నక్లీయేనా తమ్ముడూ?"

"అది కాదక్కా... దీంట్ల..." అని ఆగిపోయాడు. అతుక్కుంది కాలు, లెడ్డు కాదు అని చెబితే బయటపడతాడు. కానీ మూడు వారాల కిందట అదే మాట వినీత నోటినుంచి వస్తుంటే అడ్డం కొట్టింది తనే. చెప్పకపోతే తను నక్లీ, చెబితే తను అబద్ధాలకోరు. కుడితిలో పడ్డ ఎలకలా కొట్టుకుంటున్నాడు. ఈలోగా పోయినవారం చేయించుకున్న మందుపంపు ఒకటి ముందుకొచ్చింది. "దీనికి కూడ పెట్టు." టక్. ఇంకెవరిదో చార్జరు. టక్. జనం పోగవుతున్నారు. వెనకనుంచి ఎవరో హిందీలో "ఇద్దరూ దొంగలే" అన్నారు.

అప్పుడు వినీత లేచి వచ్చింది. జనం దారి ఇచ్చారు.

ఆమె వంగి రాఘవులు పళ్ల మధ్య ఇంకా వేలాడుతున్న తీగ కొసను కట్టర్‌తో చిటికెడు కత్తిరించింది. తన జేబులోంచి తన తీగ తీసి ఇంకో చిటికెడు కత్తిరించింది. రెండూ చెక్క పెట్టె మూత మీద పక్కపక్కన పెట్టింది. "మామా, చుంబక్ ఒకసారి ఇయ్యిన్రి" అని అడిగి తీసుకుని వాటి మీద తిప్పింది. రెండు ముక్కలూ ఉన్నచోటే పడి ఉన్నాయి. తర్వాత గోనెపట్టా మీద రాలి ఉన్న కాళ్లలో ఒకదాన్ని ఏరి పక్కన పెట్టింది. అయస్కాంతం అంగుళం పైన ఉండగానే అది కదిలింది, ఎగిరి అతుక్కుంది.

"చూసిన్రా? ఇందాకటి సంది అతుక్కుంటున్నది ఈ కాలు. ఇది ఇనుము. లెడ్డంటె తగరము, సీసము. తగరం అతుక్కోదు, సీసం అతుక్కోదు, రాగి అతుక్కోదు, మీ వెండి కూడ అతుక్కోదు. చుంబక్‌కు ఇనుము ఉన్నదా లేదా అనే తెలుస్తది. ఏది మంచిదో ఏది చెడ్డదో దానికి తెల్వది. మామ చేసింది అస్లీయే. నేను చేసింది అస్లీయే" అంది.

జనంలోంచి ఒక్కసారిగా ఊపిరి వదిలిన చప్పుడు. మందుపంపు వాడు తన పంపును చంకలో పెట్టుకుని నవ్వాడు. రాఘవులుకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది!

"ఇది నాకన్న మామకే ఎక్కువ ఎరుక" అంది వినీత. "ముప్పై ఏళ్ల సంది ఈ కాళ్లు కోస్తుండు. రోజూ ఈ చుంబక్‌కు అంటుకున్నయి తుడుస్తనే ఉంటడు."

మర్యాదకే అందో, లెక్క సరిచేయడానికే అందో ఆయనకు ఈరోజుకీ తెలియదు. గొంతు మాత్రం ఎప్పటిలాగే నెమ్మదిగా ఉంది. కొందరు నిజమే నిజమే అని తలలూపారు. మంగి ఊపలేదు.

"ఎరుకేనా తమ్ముడూ?"

రాఘవులు తలవంచుకున్నాడు.

"ఎరుకుండి మరి ఆనాడు ఎందుకు చెప్పలే? ఆ పిల్ల చెప్పబోతె ఎందుకు నోరు మూయిస్తివి?"

ఏదో ఒకటి చెప్పవచ్చు. మర్చిపోయాననవచ్చు, కళ్లు కనపడలేదనవచ్చు. ఆయన తీగను నోట్లోంచి తీసి పెట్టె మీద పెట్టాడు. "కడుపుమంట అక్కా" అన్నాడు. "నీ లైటు ఆమె చేతులకు పోయిందని తెలిసినంక ఓర్వలేకపోయిన. సారలమ్మ టార్చి పోయింది, నువ్వు పోయినవ్. నాకంటె మంచి లెడ్డు పెడతది. అది నాకెరుకే. అందుకే చేసిన."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. వినీత నేల చూపులు చూసింది. మంగి వంగి తన కాలి కడియాన్ని చూసుకుంది. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"ఆ ఒక్కపారేనా?" అంది చివరికి.

"ఏందక్కా?"

"కడుపుల మండి చుంబక్ పెట్టింది ఆ ఒక్కపారేనా? నా కడియాలు చూసిననాడు ఏం మండలే గద? నీ మాట మీదనే గద ఏసుకున్న. ఇన్నేండ్ల సంది తియ్యలే."

అని అక్కడే నేల మీద కూర్చుని కడియం లాగింది. అది మడమ దగ్గర పట్టేసింది. ఇన్నేళ్లలో కాలు మారింది గాని కడియం మారలేదు. చాయ్ దుకాణం నుంచి ఎవరో సబ్బునీళ్లు తెచ్చారు. రాఘవులు సాయం పట్టబోతే మంగి కాలు వెనక్కి తీసుకుంది. కడియం ఊడివచ్చాక దాన్ని తుడిచి ఆయనకు కాదు, వినీతకు ఇచ్చింది.

"మామనే చూడనియ్యిన్రి అవ్వా" అంది వినీత కంగారుగా.

"ఆయన కాదు. నువ్వు చూడు."

వినీత కడియాన్ని తన బల్ల మీదికి తీసుకుపోయి దారం పట్టుకుంది. అయస్కాంతం కడియం మీద నిటారుగా, కదలకుండా వేలాడింది. వెండే. మంగి వెనక ఇంకొకామె మెట్టెలు తీస్తోంది. ఆ వెనక మరొకామె నడుం గొలుసు. ఇన్నేళ్లలో ఆయన చూసి ఔనన్న వెండంతా కాళ్ల నుంచి, వేళ్ల నుంచి, మెడల నుంచి దిగి ఆ బల్ల ముందు వరుస కట్టింది.

ఒక్కటీ అతుక్కోలేదు. ఒక్కొక్కటి అతుక్కోనప్పుడల్లా రాఘవులు గుండె కొంచెం కొంచెం కుదుటపడింది. ఇంతకాలం నిజాయితీగానే చూశాడు, ఆ సంగతి ఆయనకు తెలుసు. కానీ అది ఇప్పుడు తను చెబితే చెల్లదు, వినీత చేత్తో చెల్లుతోంది. దారాన్ని తనలాగే రెండు వేళ్లతోనే పట్టుకుంది. చెయ్యి తనకంటే తొణక్కుండా ఉంది. సిగ్గుతో చచ్చిపోతూ కూడా అది చూసి ఆయనకు కుళ్లే పుట్టింది. మనిషి బుద్ధి అంత తొందరగా మారేదైతే ఇంక కావలసిందేముంది.

వరుస తరుగుతూ తరుగుతూ ఒక్కరు మిగిలారు. ఇప్పపువ్వు గంప కింద పెట్టి, బల్ల పక్కన కూర్చుని, సారలమ్మ కాళ్ల పట్టీలు విప్పుతోంది.

ఎప్పుడొచ్చిందో, ఎంత విందో ఆయనకు తెలియదు. "నువ్వెందుకే?" అన్నాడు.

"అందరు చూపించుకుంటున్రు గద" అంది ఆమె, ఆయన వంక చూడకుండానే.

ఆ పట్టీలు ఆయన ఈ పెట్టె పెట్టుకున్న కొత్తల్లో భోపాలపట్నంలో కొన్నాడు. కొనేముందు ఒకసారి, తొడిగేముందు ఒకసారి తన చేత్తోనే చూశాడు. అవి వెండివని ఆయనకు తెలిసినంతగా ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. అయినా వినీత దారం ఎత్తి అయస్కాంతాన్ని మెల్లగా వాటి మీదికి దించుతుంటే రాఘవులు ఊపిరి బిగబట్టి ముందుకు వంగాడు. వంగినట్టు ఆయనకే తెలియలేదు.

అయస్కాంతం నిటారుగా నిలబడింది.

"అస్లీయే అత్తా" అంది వినీత.

సారలమ్మ పట్టీలు తీసుకుని ఒకదాని తర్వాత ఒకటి కాళ్లకు పెట్టుకుంది, మరలు బిగించుకుంది. గంప నెత్తికెత్తుకుని భర్త మొహంలోకి సూటిగా చూసింది.

"అవి వెండియని నాకెరుకే" అంది. "నీకు ఎరుకేనా అని చూసిన. ఊపిరి బిగబట్టినవ్."

ఆమె ఇంటిదారి పట్టింది.